బ్యాలెట్ పెట్టెలో దొరికిన చీటీ

ఈమధ్య మా కడప జిల్లా నుంచి వచ్చిన రచనల్లో నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది ఒక చీటీ. కథ కాదు, కవిత కాదు, ఉత్త చీటీ. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ స్థానానికి ఉపఎన్నిక జరిగింది. 14న కడపలో ఓట్లు లెక్కపెడుతుంటే బ్యాలెట్ కాగితాల మధ్యలోంచి ఒక చీటీ బయటపడిందని పేపర్లు రాశాయి, టీవీలు చూపించాయి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఓటు వేశానని, అందరికీ దండాలని దాని సారాంశం. కింద సంతకం లేదు. ఉండకూడదు కూడా.

దాన్ని రచన అనడం అతిగా అనిపిస్తుందేమో. కానీ ఓటరుకు బ్యాలెట్ మీద ఉన్న హక్కు ఒక్క ముద్ర మాత్రమే. అక్కడ మాటలకు చోటు లేదు. ఆ మనిషి ఇంటి దగ్గరే కాగితం చింపి, రాసి, మడిచి, జేబులోనో కొంగు ముడిలోనో దాచుకొని, పోలీసుల్నీ ఏజెంట్లనూ దాటుకొని పోయి ఆ పెట్టెలో వేసి ఉండాలి. ముద్ర చాల్లేదు, మాట కూడా చెప్పాలనిపించింది. మన సాహిత్యంలో ఓటరు ఎప్పుడూ పాత్రే. ఇక్కడ ఓటరే రచయిత.

వెంటనే అనుమానం కూడా వచ్చింది. అది నిజంగా ఓటరు రాసిందేనా? గెలిచిన తెలుగుదేశం వాళ్లకు ఆ చీటీ పెద్ద సాక్ష్యం. ఇన్నాళ్లకు పులివెందుల జనం స్వేచ్ఛగా ఓటు వేశారని చెప్పుకున్నారు. ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లు అసలు ఎన్నికే హైజాక్ అయిందన్నారు. జమ్మలమడుగు వైపు నుంచి బయటి మనుషుల్ని తెచ్చి క్యూలో నిలబెట్టారని, తమ ఏజెంట్లను కూర్చోనివ్వలేదని ఆరోపించారు. 13న రెండు బూత్‌లలో రీపోలింగ్ పెడితే దాన్ని బహిష్కరించారు. సుమారు 10,600 మంది ఓటర్లున్న ఆ మండలంలో గెలిచినవాళ్లకు ఆరువేలు పైచిలుకు మెజారిటీ వచ్చింది. ఓడిన ప్రధాన పార్టీకి ఏడు వందలు కూడా రాలేదు, డిపాజిట్ పోయింది. 2021లో ఇదే సీటు ఇదే పార్టీకి ఏకగ్రీవం. అప్పుడు పోలింగే లేదు.

నాలుగేళ్ల తేడాలో వచ్చిన ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదాంట్లో ఎవరూ ఓటు వేయలేదు. ఇంకోదాంట్లో దాదాపు అందరూ ఒకేవైపు వేశారు. పార్టీ అభిమానం పక్కన పెడితే, ఈ అంకెల్లో మనిషి ఎక్కడున్నాడో నాకు కనిపించలేదు. ఆ చీటీలో కనిపించాడు. అదీ నిజమో కాదో ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఓటు రహస్యాన్ని విప్పాలి. విమర్శ రాసే ఎవరికైనా ఇంతకంటే ఇబ్బంది పెట్టే టెక్స్ట్ దొరకదు.

మా అవ్వది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు ఎన్నికల రోజు ఆమె ఉతికిన చీర కట్టుకొని బడి దగ్గరికి పోయేది. ఒకసారి ఆమె వెంట పోయినాను. లోపల కూర్చున్నాయన ఎవరో నవ్వుతూ "నీ ఓటు పడిపాయె లేవ్వా, ఎండలో ఎందుకొచ్చినావు?" అన్నాడు. అవ్వ గొడవ పడలేదు. "పడితే పడింది గానీ, ఇంకన్నా పెట్టు నాయనా" అని వేలు చాపింది. పెట్టినారు. ఆ వేలు చూపించుకుంటూ ఇంటికి వచ్చింది. చాలా ఏళ్లు నేనిది నవ్వొచ్చే సంగతిగా హాస్టల్లో ఫ్రెండ్స్‌కి చెప్పేవాణ్ణి. వాళ్లు కూడా బాగా నవ్వేవాళ్లు. ఆ ఇంకు అవ్వకు ఎందుకంత అవసరమైందో ఆలోచించడం ఈ చీటీ చూశాకే మొదలుపెట్టాను. ఓటు వేరేవాళ్లు వేసినా, ఓటరును నేనే అని చెప్పే గుర్తు ఆమెకు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మన సినిమాలూ కథలూ ఈ అవ్వను ఎట్లా చూశాయో అడుగుతాను. సీమ మీద సినిమాల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ తర్వాత మా ఊళ్లకు టాటా సుమోలు, వేట కొడవళ్లు పర్మనెంటు అడ్రసు అయిపోయాయి. బెంగళూరులో రూమ్మేట్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీ ఇంట్లో బాంబులుంటాయా బ్రో?" అని. వాటన్నిటికీ జవాబుగా వచ్చిన సినిమా అనుకున్న ‘అరవింద సమేత’ (2018) కూడా ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి అదే చూపు చూసింది. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన పగకు చివర్లో పరిష్కారంగా ఎదుటి ఇంటి ఆడమనిషిని ఎన్నికల్లో నిలబెడతారు. కొడవలి పట్టిన మగవాళ్లకు బదులు ఆడవాళ్లకు పెత్తనం ఇవ్వాలన్న ఆలోచన మంచిదే, థియేటర్లో నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఆమెను ఎన్నుకునేదెవరు? రెండు ఇళ్లు ఒప్పుకుంటే చాలా? ఊళ్లో మిగతావాళ్లు ఆ సీన్‌లో జెండాలు ఊపేవాళ్లే. అదే మేము ఊళ్లో ఏకగ్రీవం అనే పదార్థం. సినిమా దాన్ని శాంతి అని పిలిచింది, అంతే.

ఓటు విలువ గురించి నిజంగా ఆలోచించిన తెలుగు సినిమా నా లెక్కలో ‘మార్టిన్ లూథర్ కింగ్’ (2023). తమిళ ‘మండేలా’కు రీమేక్, పూజా కొల్లూరు తీసింది. ఊరు రెండుగా చీలి ఉంటుంది, సర్పంచ్ పదవికి ఇద్దరు సవతి అన్నదమ్ములు పోటీ. లెక్క చూసుకుంటే ఓట్లు సరిసమానం. అప్పటిదాకా పేరు కూడా లేని ఒక చెప్పులు కుట్టే మనిషికి కొత్తగా ఓటు వస్తుంది, ఆ ఒక్క ఓటే గెలుపోటముల్ని తేలుస్తుంది. రాత్రికి రాత్రి అతనికి మర్యాదలు మొదలవుతాయి. సంపూర్ణేశ్ బాబు ఆ పాత్రను ఎంత అణకువగా చేశాడో! సినిమా బయటికి చెప్పకుండానే చెప్పే సంగతి నాకు భయంకరంగా అనిపించింది. ఆ మనిషి మిగతావాళ్లతో సమానం కావడానికి కారణం రాజ్యాంగం కాదు, కొరత. అతని ఓటు మార్కెట్లో దొరకని సరుకైంది కాబట్టి విలువొచ్చింది. ఇంకో పది మందికి ఓట్లు రాసిచ్చి ఉంటే అతను మళ్లీ చెట్టు కిందే. సినిమా చివర్లో దీన్నుంచి తప్పుకుని ఒక్క మనిషి మంచితనం మీద ఊరిని బాగుచేస్తుంది. అక్కడ నాకు కథ కాస్త చేయి జారినట్టు అనిపించింది.

సాహిత్యం సంగతి ఇంకోలా ఉంది. కేతు విశ్వనాథరెడ్డి కథల్లో కరువు, అప్పు, పల్లె రాజకీయం ఎంత నెమ్మదిగా, ఎంత లోతుగా వస్తాయో చదివినవాళ్లకు తెలుసు. ఆ తర్వాతి తరం కడప కథకులు భూమినీ నీళ్లనూ విడవలేదు. ఫ్యాక్షన్‌లో చచ్చిపోయిన మగవాళ్ల భార్యల గురించి మంచి కథలొచ్చాయి. కానీ నేను చదివినంతలో, ఎన్నిక అనేది వీటిలో ఒక రోజు. ఉద్రిక్తంగా తెల్లవారుతుంది, బాంబు పేలుతుంది, సాయంత్రానికి అయిపోతుంది. ఆ రోజు వెనకాల ఉండే ఐదేళ్ల డబ్బు లెక్క కథలోకి రాదు. ఆ బాంబుకు ఎవరు డబ్బు పెట్టారు? పెట్టిన డబ్బును ఎక్కడ రాబట్టుకున్నారు? పులివెందుల పక్కనే సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మన రారా, ‘సంవేదన’ నడిపిన రోజుల్లో ఎంత పెద్ద రచయితనైనా నిలదీసేవాడు. ఆయన బతికుంటే మన సీమ కథకుల్ని ఈ మాట అడిగి ఉండేవాడని ఊహించుకోవడం నాకిష్టం. కథల కంటే ముందు దీన్ని పట్టుకున్నది హక్కుల ఉద్యమంలోని మనిషి. 2004లో బాలగోపాల్ ఈపీడబ్ల్యూలో రాసిన వ్యాసంలో, ఊరి కక్ష నియోజకవర్గ రాజకీయానికీ కాంట్రాక్టులకూ పనిముట్టుగా ఎట్లా మారిందో వివరించాడు. అందులో నెత్తురు కంటే ఆస్తి ఎక్కువ కనిపిస్తుంది.

మూడు నియోజకవర్గాల చరిత్రా అదే చెబుతుంది. పులివెందుల అసెంబ్లీ సీటు 1978 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. రాజశేఖరరెడ్డి చనిపోయాక 2009 చివర్లో విజయమ్మ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. జమ్మలమడుగులో ఆదినారాయణరెడ్డి 2004లో, 2009లో కాంగ్రెస్ నుంచి, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2024లో బీజేపీ నుంచి గెలిచారు. మా ప్రొద్దుటూరులో 1985 నుంచి 2004 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన వరదరాజులరెడ్డి 2024లో మళ్లీ గెలిచారు. వీళ్లలో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అనేది నా ప్రశ్న కాదు. వీళ్ల ఎదురుగా నిలబడాలంటే ఇంకో టీచరుకో, మగ్గం నేసే మనిషికో ఎంత కావాలి అన్నది నా ప్రశ్న.

చట్టం ప్రకారం జవాబు సులువు. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. 2022లో 28 లక్షల నుంచి పెంచారు. ఆ ఖర్చు రాయడానికి అభ్యర్థికి ఒక రిజిస్టరు ఇస్తారు. రోజువారీ ఖర్చుకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీ పేజీలు, బ్యాంకు లెక్కకు పసుపు పేజీలు. టీకి, ఇడ్లీకి, కుర్చీకి, షామియానాకు, పూలదండకు జిల్లా అధికారులే రేట్లు నిర్ణయిస్తారు. అభ్యర్థి రాసేది నిజమో కాదో చూడటానికి పరిశీలకులు తమ దగ్గర ఇంకో లెక్క రాసుకుంటారు. దాని పేరు షాడో రిజిస్టరు! ఎంత మంచి పేరు, ఏ నవలా రచయితా ఇంకా వాడుకోలేదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఈ లెక్క అప్పజెప్పాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత.

మ్యాజిక్ రియలిజం కోసం మార్క్వెజ్ దాకా పోయే మిత్రులు ఒకసారి ఈ రిజిస్టర్లు తిరగేయాలని నా మనవి. సమోసాల సంఖ్య కూడా ఉంటుంది. రాత్రి పది దాటాక గల్లీల్లో తిరిగే కవర్లకు మాత్రం వరస ఉండదు.

ఈ కల్పన ఎట్లా చట్టబద్ధమైందో తెలిశాక నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువేసింది. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అన్నది. డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య పోటీ సమానంగా ఉండాలన్నది ఆ తీర్పు ప్రాణం. ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి, పార్టీ పెట్టేది లెక్కలోకి రాదని చట్టం మార్చేశారు. 2003లో ఆ వెసులుబాటును కొంత బిగించారు. మన హైదరాబాదులో లోక్‌సత్తా అప్పట్లో దాని గురించి గట్టిగానే పనిచేసింది. అయినా పార్టీ ఎంత ఖర్చు పెట్టాలనేదానికి ఈరోజుకీ పరిమితి లేదు. ఆ తర్వాత ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి కనపడకుండా ఎలక్టొరల్ బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు జడ్జీల ధర్మాసనం వాటిని కొట్టేసింది. డబ్బులో తేడా రాజకీయంలో తేడా అవుతుందని, ఓటరుకు తెలిసే హక్కు ఉందని అందులో రాశారు. బాగుంది. కానీ బాండు కొనే కంపెనీకీ, మా వీధిలో కవరు తీసుకునే మనిషికీ మధ్య ఉన్న దారి అంతా చీకటే. చర్చంతా ఆ దారి రెండో చివర మీదే. "ఓటు అమ్ముకునే జనం" అని.

ఆ జనంలో మా అమ్మ ఉంది. ఏ ఎన్నికలో, ఎవరి కవరో చెప్పను. ఒకసారి నేను ఓటు వేయడానికి ప్రొద్దుటూరు వచ్చేసరికి వెంకటేశ్వరస్వామి పటం వెనక రెండు కవర్లున్నాయి. ఒకటి ఒకరిది, ఇంకోటి ఇంకొకరిది. నేను చదువుకున్నవాణ్ణి కదా, లెక్చరు మొదలుపెట్టాను. అమ్మ బియ్యం ఏరుతూ విని, "తీసుకోకుంటే ఏమనుకుంటారో తెలుసునా నీకు?" అంది. నాకు తెలియదు. "వద్దంటే ఆపక్కోళ్లకు ఏస్తాండామని ఈళ్లు రాసుకుంటారు. ఈళ్లకు ఏస్తాండామని ఆపక్కోళ్లు రాసుకుంటారు. రెండూ తీసుకుంటే ఏ బాధా ల్యా."

అంటే కవరు తీసుకోవడం అమ్మకం కాదు, దాక్కోవడం. నాలాంటివాళ్లు హైదరాబాదు, బెంగళూరుల్లో కూర్చుని పెట్టే పోస్టులేవీ ఈ చిన్న సంగతిని పట్టుకోలేదు. ఓటు ఎవరికి వేశావన్నది రహస్యం. తీసుకున్నావా లేదా అన్నది రహస్యం కాదు. అమ్మ ఇంకో మాట కూడా అంది. "మనదొక్కటే అయితే తెలీదు. వీధిలో తగ్గితే తెలుస్తాది."

ఇది నిజం. ఎన్నికల తర్వాత ఫారం 20 అని బూత్‌వారీ లెక్క బయటికి వస్తుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరైనా చూడొచ్చు. నాలాంటి నగర ఓటరుకు అది పారదర్శకత. రెండు మూడు వందల ఇండ్ల పల్లెలో అది హాజరు పట్టీ. కాగితం బ్యాలెట్ల కాలంలో, భయమున్న చోట బూత్‌లన్నీ కలిపి లెక్కపెట్టే వీలు నిబంధనల్లో ఉండేది. మిషన్లు వచ్చాక ఆ వీలు పోయింది. పద్నాలుగు మిషన్ల ఓట్లను కలిపి ఒకే అంకె చూపించే టోటలైజర్ అనే పరికరం వాడదామని 2008లో ఎన్నికల సంఘం అడిగింది. 2015లో లా కమిషన్ కూడా సరే అంది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్‌వారీ లెక్క తెలిస్తే ఎక్కడ ఇంకా పనిచేయాలో నాయకులకు తెలుస్తుందట! మా అవ్వ ఉంటే దీనికి పగలబడి నవ్వేది.

డబ్బు సంస్కరణల గురించి చదివేటప్పుడు మనకు ఎప్పుడూ విదేశీ ఉదాహరణలు ఎదురవుతాయి. అమెరికాలో సియాటిల్ నగరం 2015లో ఓటింగు పెట్టుకుని, 2017 నుంచి ఒక్కొక్కరికీ 25 డాలర్ల కూపన్లు నాలుగు ఇస్తోంది. నచ్చిన అభ్యర్థికి ఆ కూపన్లు ఇస్తే అతని ప్రచారానికి నగరమే డబ్బు కడుతుంది. చందా ఇచ్చే శక్తి అందరికీ సమానంగా ఉండాలన్న ఆలోచన. దీన్ని ప్రొద్దుటూరులో ఊహించుకుంటే మొదట నవ్వొచ్చింది. మా బంగారం అంగళ్ల బజారులో తెల్లారేసరికి కూపన్‌కు ఇంత అని రేటు పలుకుతుంది, తరుగు కూడా తీస్తారు. నవ్వు ఆగాక అనిపించింది, ఎందుకు పలుకుతుందంటే కూపన్ ఎవరికిచ్చావో కూడా తెలిసిపోతుంది కాబట్టి. సియాటిల్‌లో ఆ పేర్లు బయటికి వచ్చినా ఎవరూ ఇంటి మీదికి రారు. ఇక్కడ ముందు రహస్యం బూత్ స్థాయిలో దక్కాలి, తర్వాతే మిగతావి పనిచేస్తాయి. పార్టీల ఖర్చుకు పరిమితి, దాతల పేర్లు బయటపెట్టడం, ప్రభుత్వ నిధి, ఇవన్నీ పైనుంచి రావాలి. రావాల్సిందే. కానీ కింద మా అమ్మకు దాక్కునే అవసరం పోకపోతే, ఆ పై సంస్కరణలు కూడా కొత్త రిజిస్టరులో కొత్త రంగు పేజీలే అవుతాయని నా భయం.

ప్రొద్దుటూరులో ఎన్నికనూ రచననూ రెండింటినీ లోపలినుంచి చూసిన మనిషి ఒకాయన ఉండేవాడు, ఎం.వి.రమణారెడ్డి. డాక్టరు, కార్మిక నాయకుడు, జైలు చూసినవాడు, 1983లో మా ఎమ్మెల్యే. 2021లో చనిపోయాడు. ఆయన జీవితం మీద అందరికీ ఒకే అభిప్రాయం లేదు, మా ఇంట్లోనే రెండున్నాయి. కానీ ‘రాయలసీమ కన్నీటి గాథ’ చదివి నీళ్ల గురించి మాట్లాడటం నేర్చుకున్న తరం ఒకటుంది. సీమకు జరిగిన అన్యాయాన్ని ఏడుపుగా కాకుండా లెక్కగా చూపించడం ఆయన చేసిన పని. ఎన్నికల డబ్బు మీద అలాంటి చిన్న పుస్తకం ఒకటి ఎవరైనా మా జిల్లా నుంచి రాస్తే బాగుండు. కవరు ఎక్కడ మొదలై ఎన్ని చేతులు మారి పటం వెనక్కి చేరుతుందో, మళ్లీ ఏ రోడ్డు బిల్లులో, ఏ ఇసుక రీచ్‌లో తిరిగి వసూలవుతుందో. అది నవల అయితే ఇంకా మంచిది. అందులో ఓటరును అమాయకుడిగానో అమ్ముడుపోయినవాడిగానో చూపకుండా ఉంటే చాలు.

ఈ వ్యాసం రాస్తూ మా బూత్ ఫారం 20 డౌన్‌లోడ్ చేశాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, మన బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఇక్కడ ఉంది, చదవనా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎవురెవురికని పేర్లుంటాయా నాయనా అందులో?"

"లేవమ్మా. ఉత్త అంకెలే."

"సరే అయితే, సదువు" అంది.